పేకముక్కల బంతి యంత్రము

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో అమ్మవారి జాతరలకు తిరిగినవారికి గుండాట క్రొత్త కాదు. జనసమ్మర్దమునకు కొంచెము ఎడముగా, చెట్టు మొదటనో పాక చాటుననో ఒకడు గోనెపట్టా పరచి, దానిమీద ఆరు గడుల పటము వేసి కూర్చుండును. నాలుగు గడులలో పేకముక్కల గుర్తులు: ఆఠీను, ఇస్పేటు, డైమను, కళావరు. తక్కిన రెండు గడులలో కిరీటమో, జెండాయో, మరియొక బొమ్మయో ఉండును. అవే గుర్తులుగల పాచికలను డబ్బాలో గిలకరించి బోర్లించుదురు. డబ్బా ఎత్తువరకు చుట్టు మూగినవారికి ఊపిరాడదు. చిన్నతనమున నేను విజయనగరమునకు సిరిమాను చూడబోయి, సిరిమానుకంటె ఆ డబ్బానే ఎక్కువసేపు చూచి, ఇంటికి వచ్చి దెబ్బలు తిన్నవాడను.

ఇంగ్లీషు నావికులు ఆడు ‘కిరీటము–లంగరు’ అను ఆట దీనికి దగ్గర చుట్టము. మూడు పాచికలతో ఆడు ఆ పద్ధతికి లెక్క కట్టుట సులభము. మూడు పాచికలు పడుటకు 216 విధములు కలవు. మనము ఇస్పేటుపై ఒక రూపాయి ఒడ్డితిమనుకొందము. 125 విధములలో ఇస్పేటు పడనే పడదు, రూపాయి పోవును. 75 విధములలో ఒక పాచికపైనను, 15 విధములలో రెంటిపైనను, ఒకే ఒక విధమున మూటిపైనను ఇస్పేటు పడును. అప్పుడు వరుసగా ఒకటి, రెండు, మూడు రూపాయలు లాభము. లాభములన్నియు కూడిన 108, నష్టము 125. అనగా 216 రూపాయలు ఒడ్డినవానికి సగటున 17 రూపాయలు గోనెపట్టావాని యొద్దనే నిలిచిపోవును. ఆడువాడు ఎంత తెలివిగలవాడైనను ఈ 17 తగ్గదు. ఎంత మందబుద్ధియైనను పెరుగదు. అక్కడ ఆడువాని చేతికి పని లేదు.

మా మేనమామ ఆట గుండాట కాదు, ఆయనది మూడుముక్కలాట. నాగావళి ఒడ్డున ఆయనకు రెండెకరముల మడి ఉండెడిది. నూర్పులు ముగిసి చేతిలో నాలుగు డబ్బులాడు రోజులలో ఆయన ఇంటి వెనుక వసారాలో రాత్రులు ఆట సాగెడిది. లాంతరు వత్తి ఎగద్రోయుట నా పని. “ఒక్క ముక్క పడితే చాలురా అల్లుడా, మడి తిరిగొచ్చీసినట్టే” అని ఆయన ఒకనాటి రాత్రి నాతో అన్న మాట ఇప్పటికిని నా చెవిలో ఉన్నది. మడి తిరిగి రాలేదు. 52 ముక్కలనుండి మూడు ముక్కలు 22,100 విధములుగా చేతికి రావచ్చును. మూడు ఆసులో, మూడు రాజులో, మరి ఏవైన మూడు ఒకే తీరు ముక్కలో వచ్చు విధములు వానిలో 52 మాత్రమే. 425 పర్యాయములకు ఒక్కటి. ఈ లెక్క నేను కళాశాలలో చేరిన తరువాత కట్టితిని. అప్పటికి ఆ మడిని వేరొకరు దున్నుచుండిరి.

మా వైపు ఈ వ్యసనము నిన్న మొన్నటిది కాదు. 1909లో వెలువడిన కన్యాశుల్కము రెండవ కూర్పులో గురజాడ అప్పారావుగారు పేకాట రంగమొకటి పెట్టిరి. పోలిశెట్టి పేక చేతబట్టి కూర్చున్న ఆ రంగము చూచి మావారు నవ్వినంతగా మరియొకరు నవ్వియుండరు. ఎవరి వీథిలోని మనిషి వారికి కనబడియుండును.

ఇంత ఉపోద్ఘాతమునకు కారణము కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట, అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా అమ్మాయిని చూడబోయినప్పుడు, పాత ఆటయంత్రములను పదిలపరచిన ఒక ప్రదర్శనశాలకు వెళ్లితిని. అక్కడ ఒక గాజుపలక క్రింద అదే ఆసు, అదే రాజు, అదే రాణి నాకు ఎదురుపడిరి. ఆ యంత్రము పేరు ‘రాయల్ ఫ్లష్’. షికాగో ప్రాంతమందలి గాట్లీబ్ సంస్థ 1976లో తయారుచేసినది. ఆట కల్పించినవాడు ఎడ్ క్రిన్‌స్కీ. బొమ్మలు వేసినవాడు గార్డన్ మారిసన్. పోకరు అను అయిదుముక్కల జూదములో ఒకే గుర్తుగల ఆసు, రాజు, రాణి, జాకీ, పది కలిసి వచ్చినచో దానిని రాయల్ ఫ్లష్ అందురు. దానిని మించిన చేయి లేదు. 52 ముక్కలనుండి అయిదు ముక్కలు 25,98,960 విధములుగా రావచ్చును. రాయల్ ఫ్లష్‌లు వానిలో నాలుగే. అనగా 6,49,740 పర్యాయములు పంచిన ఒకసారి వచ్చును. జీవితమంతయు పేకాడినవాడును దానిని చూడకయే పోవచ్చును. అట్టిది, నా ప్రక్కన నిలిచిన పదునాలుగేండ్ల బాలిక ఒకతె ఆ యంత్రముపై ముక్క వెంబడి ముక్క కొట్టుచు వరుస పూర్తి చేయుచుండెను. అది ఎట్లు సాధ్యమైనదో చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క పని.

ముందు బయటి రూపము చెప్పెదను. పిల్లల మంచమంత నిడివిగల చెక్కపెట్టె ఒకటి నాలుగు కాళ్లపై నడుమెత్తున నిలిచియుండును. పైనున్న ఆటబల్ల ఆడువాని వైపునకు మూడు నాలుగు డిగ్రీలు వాలియుండును. దాని తలాపున నిలువుగా మరియొక పెట్టె. రంగుల బొమ్మలు వేసిన గాజు, ఆ గాజు వెనుక దీపములు, అంకెల చక్రములు అందులో ఉండును. బంతి ఉక్కుది, పెద్ద ఉసిరికాయంత ఉండును, బరువు సుమారు 80 గ్రాములు. కుడిప్రక్కనున్న స్ప్రింగు కడ్డీని వెనుకకు లాగి వదలినచో బంతి ప్రక్కదారిన పైకి దూసుకొనిపోయి, బల్ల తలకట్టున వంపు తిరిగి, క్రిందికి దొర్లనారంభించును. అడుగున నడిమి సందులో పడినచో ఆ బంతికి ఆయువు తీరినట్లే. ఆ సందునకు ఇరువైపుల రెండు చిన్న రెక్కలు కలవు. పెట్టె ప్రక్కలనున్న బొత్తాములు నొక్కినచో అవి ఎగిరి బంతిని మరల పైకి కొట్టును. వీనిని ఫ్లిప్పరులందురు. బల్లపై ఏటవాలుగా ఒక వరుసలో పేకముక్కల బొమ్మలుగల చిన్న పలకలు నిలిచియుండును. బంతి తగిలిన పలక క్రిందికి దిగిపోవును. ఇట్టి ఆటకు పిన్‌బాల్ అని పేరు. మన ఇండ్లలో పిల్లలు మేకులు కొట్టిన పలకపై గోలీలు దొర్లించి ఆడు బాగాటెల్ ఆటకు ఇది పెద్దన్న.

ప్రదర్శనశాలలోని మరమ్మతుదారు నా కుతూహలము చూచి, గాజు తీసి, ఆటబల్లను తలుపువలె పైకెత్తి చూపెను. లోపల నేను ఎదురుచూచినది ఒకటి, కనబడినది మరియొకటి. ట్రాన్సిస్టరు లేదు, చిప్పు అసలే లేదు. రంగురంగుల గుడ్డతొడుగు తీగలు జడలుగా అల్లుకొని, వాని నడుమ డజనులకొలది చిన్న తీగచుట్టలు, ఇత్తడి రేకులు ఉండెను. అడుగున ఒక మోటారు, దాని ప్రక్కన ఒక ట్రాన్స్‌ఫార్మరు. పాత వాల్వు రేడియో వెనుక అట్ట విప్పి చూచినవారికి ఈ ట్రాన్స్‌ఫార్మరు పరిచితమే. గోడలోని విద్యుత్తును తగ్గించి, తీగచుట్టలకు సుమారు 25 వోల్టులు, దీపములకు ఆరు వోల్టులు అది అందించును. ఆ దీపములలో అనేకము మన పాత రేడియోల డయలు వెనుక వెలిగిన బుడ్డి దీపములవంటివే. అది తెలిసిన తరువాత ఆ యంత్రము నాకు పరాయిదిగా తోచలేదు.

తీగచుట్టయు, ఇత్తడి రేకులును కలిసినదే రిలే. ఇనుప కడ్డీపై చుట్టిన రాగితీగలో విద్యుత్తు పారినంతసేపు ఆ కడ్డీ అయస్కాంతమగును. ఎదుటి ఇనుప రేకును లాగుకొనును. ఆ రేకునకు తగిలించిన ఇత్తడి పట్టీలు కొన్ని ఒకదానినొకటి తాకును, కొన్ని విడిపోవును. తాకినచోట క్రొత్త దారి తెరచుకొనును, విడిపోయినచోట పాత దారి మూసికొనును. ఒకప్పటి టెలిఫోను ఎక్స్‌ఛేంజీలు నడచినది ఈ రిలేలతోనే. ఒక్కొక్క రిలే ఒక చిన్న విషయమును జ్ఞాపకముంచుకొనగలదు: రాణి పలక పడినదా, లేదా? రెండవ బంతి నడచుచున్నదా, మూడవదా? ఆ సంగతులన్నియు రాగిలోను, ఇత్తడిలోను నిలిచియుండును.

పేకముక్కల వరుస పూర్తియైనదని యంత్రమునకు ఎట్లు తెలియును? ఇది మిక్కిలి సొగసైన భాగము. ఒక ఊరికి పోవు బాటలో అయిదు గేట్లు వరుసగా ఉన్నవనుకొనుడు. నాలుగు తెరచి ఒకటి మూసియున్నను బండి ఊరు చేరదు. ఇట్టి యంత్రములలో ఒక్కొక్క ముక్క పడినప్పుడు ఒక్కొక్క ఇత్తడి జత కలియును. ఆ జతలన్నియు ఒకే తీగపై వరుసగా కూర్చబడియుండును. చివరి ముక్కకూడ పడిన క్షణమున దారి ఆ చివరనుండి ఈ చివరకు తెరచుకొని, విద్యుత్తు పారి, బహుమాన దీపము వెలుగును. మా మేనమామ రాత్రులు మేల్కొని వెదకిన వరుస ఇక్కడ ఒక తీగలో ఉన్నది. అది పంచుటచే వచ్చునది కాదు, కొట్టుటచే వచ్చునది.

లెక్క వ్రాయు విధానమును చూడుడు. పది పాయింట్ల గుర్తును బంతి తాకినచో ఒక తీగచుట్ట ఊతకోలను లాగి అంకెల చక్రమును ఒక్క పన్ను ముందుకు త్రిప్పును. చక్రము తొమ్మిదినుండి సున్నకు తిరుగునప్పుడు మరియొక జత కలిసి, ఎడమనున్న చక్రమును ఒక పన్ను త్రిప్పును. బడిలో మనము నేర్చిన ‘చేతిలో ఒకటి’ ఇదియే. మరి ఒక్క దెబ్బకు 50 రావలసినచో? చక్రము ఒకేసారి అయిదు పళ్లు దుముకలేదు. అందుకై అడుగునున్న మోటారు కొంచెము తిరిగి, వరుసగా అయిదు సారులు విద్యుత్తును కొట్టి వదలును. చక్రము అయిదు పళ్లు నడచును. గంట అయిదు సారులు మ్రోగును. కావున ఆడువాడు తలయెత్తి అంకెలు చూడనక్కరలేదు. చెవితో లెక్క వినవచ్చును. ఆ గంటలు నిజమైన లోహపు పలకలపై కొట్టిన గంటలు. తరువాతి కాలపు యంత్రములు ఆ ధ్వనిని ఎన్ని విధముల అనుకరించినను నా చెవికి ఆనలేదు.

ఫ్లిప్పరు సంగతి చెప్పకున్న అసలు విషయము వదలినట్లే. ఉక్కుబంతిని బల్ల చివరవరకు కొట్టవలెనన్న రెక్కకు గొప్ప బలము కావలెను. బలమునకు ఎక్కువ విద్యుత్తు కావలెను. కాని బొత్తాము నొక్కిపట్టి రెక్కను ఎత్తి నిలుపుట ఆటలో తరచుగా అవసరమగును. అంతసేపు అంత విద్యుత్తు పారినచో తీగచుట్ట మాడిపోవును. కావున ఒకే చుట్టలో రెండు తీగలు చుట్టిరి: ఒకటి లావైనది, కొట్టుటకు, రెండవది సన్ననిది, నిలిపియుంచుటకు. రెక్క పూర్తిగా లేచిన క్షణమున దాని మడమ ఒక ఇత్తడి జతను విడదీయును. అప్పుడు విద్యుత్తు సన్నని తీగగుండ కూడ పోవలసివచ్చి తగ్గిపోవును. రెక్క నిలుచును, చుట్ట కాలదు. ఆ ఇత్తడి జతకు మసి పట్టినచో రెక్కకు బలము తగ్గును. అది విడిపోవుట మానినచో తీగచుట్ట పొగలు క్రక్కును. ఈ యంత్రముల మరమ్మతులో సగము పని సన్నని ఆకురాయితో ఆ మసిని తుడుచుటయే అని అతడు నవ్వుచు చెప్పెను.

ఈ రెక్కలు మొదటినుండియు లేవు. అది తెలిసిననే గాని ఈ ఆటకు జూదముతో గల సంబంధము బోధపడదు. పద్దెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు పెద్దింటివారు ఆడిన బాగాటెల్ ఆటలో బంతిని కోలతో పొడిచెడివారు. ఇంగ్లండునుండి వచ్చి సిన్సినాటిలో స్థిరపడిన మాంటేగ్ రెడ్‌గ్రేవ్ 1871లో కోలకు మారుగా స్ప్రింగు కడ్డీ పెట్టి పేటెంటు పొందెను. 1931లో డేవిడ్ గాట్లీబ్ సంస్థ ‘బాఫిల్ బాల్’ అను బల్లయంత్రమును అమ్మనారంభించెను. ఆర్థికమాంద్యము అమెరికాను అణచివేయుచున్న రోజులవి. ఒక పెన్నీతో కొంతసేపు కష్టము మరచుటకు అదొక ఉపాయమాయెను. కాని కడ్డీ వదలిన తరువాత ఆడువానికి చేయగలది లేదు. బంతి మేకులకు తగిలి తన ఇష్టము వచ్చిన గుంటలో పడును. వేసిన గుంటను బట్టి దుకాణదారు సిగరెట్లో డబ్బులో ఇచ్చెడివాడు. కొంతకాలమునకు యంత్రమే నాణెములు రాల్చు ఏర్పాటును వచ్చెను. చెప్పవలెనన్న అది నిలువు కాళ్లపై నిలిచిన మన గుండాట.

చేతనైనవారు పెట్టెను ప్రక్కకు త్రోసి బంతికి దారి చూపసాగిరి. దానిని అరికట్టుటకు హారీ విలియమ్స్ అను యువకుడు ఆ దశకములోనే ‘టిల్టు’ అను ఏర్పాటు కల్పించెను. తరువాతి రూపములో అది ఒక లోహపు ఉంగరము నడుమ వ్రేలాడు లోలకము. పెట్టెను మితిమించి కదిపినచో లోలకము ఉంగరమును తాకును; దీపములారిపోవును; ఆ బంతి ముగియును. మితముగా కదిపినచో తప్పు లేదు. ఎంత కదపవచ్చునో చేతికి తెలియుట ఈ విద్యలో ఒక భాగము. మా మేనమామ ఆటకు ఉండిన టిల్టు ఒక్కటే: మా అత్తయ్య వచ్చి లాంతరు ఆర్పుట. ఆయన మరల వెలిగించెడివారు.

1942 జనవరిలో న్యూయార్కు మేయరు లాగార్డియా ఈ యంత్రములను నగరమున నిషేధించెను. బడిపిల్లల జేబులలోని చిల్లర దోచు జూదపు పెట్టెలని ఆయన అభిప్రాయము. పోలీసులు వేలకొలది యంత్రములు పట్టితెచ్చిరి. మేయరు తానే సుత్తి ఎత్తి వానిని పగులగొట్టుచు ఛాయాచిత్రములు తీయించుకొనెను. అప్పటి యంత్రములను తలచినచో ఆయనది పూర్తిగా అన్యాయమని నేను చెప్పజాలను. ఫ్లిప్పరు పుట్టుటకు ఇంకను అయిదేండ్లు కావలసియుండెను.

1947లో గాట్లీబ్ సంస్థయందలి హారీ మాబ్స్ ‘హంప్టీ డంప్టీ’ అను యంత్రమున ఆరు రెక్కలు అమర్చెను. మరుసటి యేడు స్టీవ్ కోర్డెక్ రెండే రెక్కలను బల్ల అడుగున సందుకు ఇరుప్రక్కల పెట్టి, ‘ట్రిపుల్ యాక్షన్’ అను యంత్రమును తెచ్చెను. బంతి క్రిందికి వచ్చిన ప్రతిసారి ఇప్పుడు ఆడువాడు దానికి బదులు చెప్పగలడు. విధి మాటకు ఎదురుమాట దొరికినది. వింత యేమనగా, ఆట నేర్పునకు మళ్లిన తరువాతనే పేకముక్కల బొమ్మలు దానిపై విరివిగా పూచినవి. గాట్లీబ్ సంస్థ ఒక్కటే 1952లో ‘క్వీన్ ఆఫ్ హార్ట్స్’, 1957లో ‘ఏస్ హై’, ‘స్ట్రెయిట్ ఫ్లష్’, 1967లో ‘కింగ్ ఆఫ్ డైమండ్స్’, 1976లో మనము చెప్పుకొన్న ‘రాయల్ ఫ్లష్’, 1977లో ‘జాక్స్ ఓపెన్’ వెలువరించెను. జూదము యొక్క వేషము ఉంచుకొని జూదమును వదలిన ఆటలివి. పలకలు దిగిపోవు ఏర్పాటు మాత్రము పోటీ సంస్థయైన విలియమ్స్‌ది. 1962లో ‘వాగబాండ్’ అను యంత్రమున మొదట వచ్చినది.

జూదమును వదలని వంగడమును ఒకటి ఉండెను. బింగో యంత్రములని పేరు. వానికి ఫ్లిప్పరులు లేవు. నాణెము మీద నాణెము వేసి బహుమానపు పాళ్లు పెంచుకొనవచ్చును. గెలిచిన ‘ఉచిత ఆట’లను దుకాణదారు లోపాయికారిగా డబ్బుగా మార్చెడివాడు. 1957లో అమెరికా సుప్రీంకోర్టు ఇట్టివానిని పన్ను విషయమున జూదపు యంత్రములుగానే లెక్కింపవలెనని తీర్పు చెప్పెను. ఉచిత ఆటయే విలువగల బహుమానమని కొన్ని రాష్ట్రములు పట్టుబట్టగా, 1960లో గాట్లీబ్‌వారు ఆటకు బదులు అదనపు బంతి నిచ్చు యంత్రములను తెచ్చిరి. అదనపు బంతిని ఎవడును కొనడు గదా!

చివరకు ప్రశ్న న్యాయస్థానములకు వచ్చినది: ఫలితము ఎవరి చేతిలో ఉన్నది? 1974లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు లాస్ ఏంజిలిస్ నగరపు నిషేధమును త్రోసిపుచ్చుచు, పిన్‌బాల్ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని చెప్పెను. 1976 ఏప్రిలులో న్యూయార్కు నగరసభ ఉపసంఘము ముందు రోజర్ షార్ప్ అను యువ పత్రికారచయిత యంత్రము నిలిపి ఆడి చూపెను. అతడు తనకు అలవాటైన యంత్రమును తెచ్చుకొనగా, ఒక సభ్యుడు అనుమానించి ప్రక్కనున్న రెండవదానిపై ఆడుమనెను. అతడు ఆడెను, తుదకు స్ప్రింగు కడ్డీ లాగుచు, ఈ బంతి నడిమి దారిన దిగునని ముందుగా చెప్పి వదలెను. బంతి నడిమి దారిననే దిగెను. నిషేధము తొలగెను. ఇందులో ఒక చమత్కారము కలదు: ఆ ఒక్క దెబ్బలో అదృష్టమునకును పాలు కలదని షార్ప్ తరువాతి కాలమున తానే ఒప్పుకొనెను.

ఇదే ప్రశ్న మన రాష్ట్రమునుండియు ఢిల్లీ వరకు పోయినది. ఇక్కడ వచ్చినది యంత్రమునుగూర్చి కాదు, రమ్మీనిగూర్చి. 1963లో సికింద్రాబాదులోని ఒక వినోదసంఘముపై పోలీసులు దాడిచేసి, డబ్బుతో రమ్మీ ఆడుచున్నవారిని పట్టుకొనిరి. మేజిస్ట్రేటు శిక్షించెను, హైకోర్టు కొట్టివేసెను, ప్రభుత్వము అప్పీలు చేసెను. 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లాగారు సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు ఆ అప్పీలును త్రోసివేసిరి. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఏది ఉంచవలెనో ఏది వదలవలెనో తేల్చుకొనుట రమ్మీలో ఉన్నవి కావున అది ప్రధానముగా నేర్పుగల ఆట. ఫ్లష్ మొదలైన పేర్లుగల మూడుముక్కలాట కేవలము అదృష్టముపై నడచునది. ఇది ఆ తీర్పు సారము. మా మేనమామ ఆట పేరు సుప్రీంకోర్టు తీర్పులో చూచినప్పుడు నాకు కలిగిన భావము ఇట్టిదని చెప్పలేను.

మా జిల్లాలలో అప్పటికి అమలులోనున్నది 1930 నాటి మద్రాసు గేమింగు చట్టము. తెలంగాణమున హైదరాబాదు జూదపు చట్టము. 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగు చట్టము వచ్చి రాష్ట్రమంతటికి ఒక్కటే నియమమేర్పడినది. నేర్పు ఆటలకు దానిలోను మినహాయింపు ఉంచిరి. తరువాత పేక చేతినుండి టెలిఫోను తెరపైకి ఎక్కినది. 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టమును సవరించి అట్టి పందెములనుకూడ దాని క్రిందికి తెచ్చిరి. నేర్పు, అదృష్టము అను రెండు మాటల నడుమ గీత గీయుట న్యాయమూర్తులకే అంత కష్టమైనచో, వసారాలో కూర్చున్న రైతుకు ఎంత కష్టమో ఆలోచింపదగును. పేకాడు ప్రతివాడును తన ఆటను నేర్పనియే నమ్మును. మా మేనమామకూడ తాను ఎదుటివాని ముఖము చదువగలనని చెప్పుకొనెడివారు.

1977 తరువాత మైక్రోప్రాసెసరులు వచ్చి రిలేలను, అంకెల చక్రములను తొలగించివేసినవి. ‘రాయల్ ఫ్లష్’ ఆ పాత వంశమున చివరి తరములోనిది. నేను దానిపై మూడు ఆటలాడితిని. మొదటి రెండింటిలో బంతి నేరుగా సందులో పడినది. ఆ పదునాలుగేండ్ల బాలిక నన్ను చూచి జాలిపడి, “బొత్తాము ముందుగా నొక్కకండి, బంతిని రెక్క కొనదాకా దొర్లనీయండి” అని తన భాషలో చెప్పెను. మూడవ ఆటలో రాణిని, జాకీని కొట్టితిని. గంటలు మ్రోగినవి. రాజును కొట్టబోయి పెట్టెను కొంచెము గట్టిగా త్రోసితిని, దీపములన్నియు ఆరిపోయినవి.

ఆట ముగిసిన తరువాత ఇట్టి యంత్రములు మరియొక పని చేయును. లోపల ఒక చక్రము ఆటంతయు గుట్టుగా తిరుగుచుండి, చివరకు 00 మొదలు 90 వరకు గల పది అంకెలలో ఒకదానిని గాజుపై వెలిగించును. ఆడువాని లెక్కలో చివరి రెండంకెలతో అది కలిసినచో ఒక ఆట ఉచితము. నేర్పుతో దానికి సంబంధము లేదు. పదింట ఒక పాలు. కొన్ని ఊళ్లలో చట్టమునకు భయపడి యంత్రముల యజమానులు ఆ తీగను ఊడదీసెడివారట. ప్రదర్శనశాలవారు దానిని ఉంచిరి. నా లెక్క 40తో ముగిసినది. గాజుపై 70 వెలిగినది. మా అమ్మాయి నా భుజము తట్టి, “నాన్నగారూ, ఇంకొక్క ఆట ఆడతారా?” అని అడిగెను. జేబులో నాణెములు మిగిలియుండెను. నా వెనుక వరుసలో నిలిచిన బాలునికి చోటిచ్చి ప్రక్కకు తప్పుకొంటిని.